శుక్రవారం గోర్లు

సాల్మియాలో లాండ్రీ పక్క సందులో
ఆరు మెట్లు దిగితే మా కొట్టు.
శుక్రవారం తెల్లారితే చాలు
తలుపు ముందర బుట్టల్లో పిల్లులు,
నాలుక వేలాడేసిన మంచుదేశం కుక్కలు.

మా నాయన చూసుంటే నెత్తిన చెయ్యి పెట్టుకునేటోడు.
శుక్రవారం గోరుగల్లు ముట్టనోడు ఆయన.
మంగళవారమూ అంతే. దీపాలు పెట్టినాక అసలే లేదు.
లక్కిరెడ్డిపల్లె చుట్టూరా
పెండ్లికొడుకు వేలికి పాలు తాకించి
కొనగోరు తీసిన చెయ్యి ఆయనది.
అదే పని నేనీడ
నెలకు నూటనలభై దినార్లకు
హస్కీలకు, సలూకీలకు చేస్తాండా.

మా ఊరి కుక్కలకు ఎవురు తీసినారు గోర్లు?
గులకరాళ్ళ దోవ, చెనిక్కాయ చేను,
కుందేటి వెనక పరుగు.
నేలే ఆకురాయి.
ఈడ ఎండాకాలం తారు మీద పాదం పెడితే బొబ్బ.
ఐదు నెలలు ఏసీలో, చలవరాతి మీద
టిక్కు టిక్కుమని తిరిగే కుక్కకు
అరగడానికి భూమి యాడుంది?
అరగనిది పెరుగుతాది.
పెరిగింది వంగుతాది.
వంగింది యాడికి పోతాదో
నూకరత్నం తెచ్చిన ముసలి పిల్లి చూపించింది.

టవల్లో చుట్టుకొని తెచ్చింది, పసిబిడ్డను తెచ్చినట్టు.
"మాది రాజోలు దగ్గరండి. మామా వాళ్ళు జూన్లో లండనెళ్ళారు.
అన్నం సంగతి చెప్పారు, నీళ్ళు చెప్పారు, ఇసక మార్చమన్నారు.
గోళ్ళ మాట ఎవరూ చెప్పలేదండి.
కుంటుతుంటే మెట్ల మీద జారిందనుకున్నాను."

ముందరి కాలికి లోపలి పక్క,
నేల తాకని గోరు అది.
గుండ్రంగా తిరిగి తిరిగి
కొడవలి మొనలా తన మెత్తలోకే దిగింది.
పిల్లి అరవలేదు. నూకరత్నం అరిచింది.

"లైటు ఇట్ల పట్టమ్మా" అన్నా.
వెలుతురుకు ఎదురు పెడితే గోరు గాజయితాది.
లోపల దానిమ్మగింజ రంగు నరం.
దానికి ఇవతలే ఆగల్ల. విద్యంతా అంతే.
నల్లగోరైతే నరం కనపడదు,
నువ్వుగింజంత తియ్, చూడు,
ఇంకో నువ్వుగింజంత,
నడిమధ్య చుక్క కనిపిస్తే చెయ్యి తీసెయ్.
మూడు వారాలకోసారి కొన తీస్తాంటే
నరం దానంతట అదే వెనక్కి జరుగుతాది.
వదిలేస్తే గోరుతోపాటే ముందుకొస్తాది,
అప్పుడు తీస్తే నెత్తురు, తియ్యకుంటే కుంటు.
గోటితో పోయేదానికి గొడ్డలి అని
పెద్దోళ్ళు ఊరికే అనలా.

టక్.
వంకర ముక్క ఊడొచ్చింది, వెనకే ఒక్క చుక్క.
అప్పుడు రక్కింది నన్ను, తీరిగ్గా, మణికట్టు మీద.
రక్కనీ. రెండు నెల్ల బాకీ.
పుండు కడిగి, డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చినా.

ఇంటికాడ తీసుకునేదెట్లో కూడా చూపించినా.
మెత్త మీద బొటనవేలు ఆనించి, పిండొద్దు, ఆనిస్తే చాలు,
గోరు దానంతటదే బయటికొస్తాది.
నూకరత్నం చేతులు చూసినా అప్పుడు.
క్లోరాక్స్ తిన్న గోర్లు, రెండు నిలువునా చీలినాయి.
ఆ చేతుల్తోనే పట్టుకుంది,
మా నాయన నాకు నేర్పడానికి ఏడాది పట్టిన పట్టు
ఒక్క పొద్దులో.

"ఇవి కూడా తీసుకోమ్మా" అని
మనుషులు వాడే కటింగ్ ప్లేయరొకటి చిన్నది ఇచ్చినా.
తన వేళ్ళు తనే మొదటిసారి చూసినట్టు చూసుకుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"
"సెలవు శుక్రవారమేనండి నాకు."
మెట్టు మీద ఆగింది.
"శుక్రవారం గోళ్ళు తీస్తే లక్ష్మి పోద్దంటారు కదండీ?"

"లక్ష్మి ఈడ శుక్రవారమే వస్తాదమ్మా."

నవ్వింది. టవల్లో పిల్లి కూడా
ఒక కన్ను తెరిచి నన్ను చూసి మూసుకుంది.
తర్వాతి బుట్ట మూత తీసినా.