పేరులోంచి మంచు

లియవీనీలో జనవరి.
రాత్రి బకెట్లో నీళ్ళు గాజుపలకయ్యాయి.
తొమ్మిదింటికి ఎండ,
మొండిబాకీ తీరుస్తున్నట్టు
రాళ్ళ మీద కాస్త కాస్త.

గ్లెనిస్ నా చేతికి దారం ఇచ్చింది,
పళ్ళ సందులు తోముకునే మైనపు దారం.
కొసన ఒక పిండిపురుగు.
"గాలం ముల్లు అక్కర్లేదు.
కరిస్తే వదలడం దీనికి రాదు."

ఉప్పాడ వలల్లో పాకిన దాన్ని,
సముద్రానికి వెయ్యి మీటర్ల పైన
బండల మధ్య గొంతుక్కూచుని
నలికిరికి ఎర వేస్తున్నాను.
నాన్న వింటే తెరచాప దించి మరీ నవ్వుతాడు.

కరిచింది.
నా చిటికెన వేలికన్నా కాస్త లావు.
వీపంతా కంచు నలుసులు,
పాత చెంబు అడుగున మిగిలిన మెరుపులా.
అరవై రెండు మిల్లీమీటర్లు, తోక కాక.
పొట్ట మీద బొటనవేలు ఆనిస్తే
లోపల మూడు గింజలు. కాదు, నాలుగు.

గుడ్లు పెట్టదట.
ఈ నేలకి అప్పగిస్తే పొదిగే వేడెక్కడిది?
అందుకని పొయ్యిని కడుపులోనే పెట్టుకుని
ఎండ ఏ బండ మీద ఉంటే
ఆ బండ దాకా మోసుకుపోతుంది పిల్లల్ని.

చీటీ మీద పేరు రాయాలి.
గ్లెనిస్ చదువుకున్నప్పుడు దీని ఇంటిపేరు నివియోస్కింకస్,
మంచు నలికిరి.
తర్వాత ఎవరో పాత కాగితాలు తిరగేస్తే
అంతకు ముందే ఇంకో పేరుందని తేలిందట.
ఇప్పుడు కారినాస్కింకస్. వీపున గట్లున్నది.

"పేరులోంచి మంచు తీసేశారన్నమాట," అన్నాను.
"కొండ మీంచి కూడా," అంది,
స్కేలు పళ్ళ మధ్య బిగించుకుని,
నా వైపు చూడకుండా.

ఇంటిపేరు మారడం నాకు కొత్త కాదు.
మైలపల్లి నుంచి ఓసుపల్లికి వెళ్ళాను,
పాస్‌పోర్టులో ఒక తీరు, జీతం కాగితంలో ఇంకో తీరు.
చేతులు మాత్రం అవే,
తాడు కోసిన చోట తెల్లగా.

పట్టిన బండ మీదే దించాలి, అది నియమం.
అరచెయ్యి వంచాను. దిగదే!
ఒళ్ళంతా పలచగా పరిచి
నా మణికట్టు వేడిని తాగుతూ కూచుంది,
నేనూ ఓ బండనే అన్నట్టు.

గ్లెనిస్ గడియారం చూసింది.
సరస్సు వైపు నుంచి మబ్బు వస్తోంది.
ఇంకా పద్దెనిమిది పట్టాలి మేము.

"దిగవే తల్లీ," అన్నాను తెలుగులో.
దిగలేదు.
ఎండ ఉన్నంతసేపూ
చెయ్యి అలాగే చాపి నిలబడ్డాను.