మూడు జీవాలు

క్యాసెట్ తిరుగుతుంటే
గచ్చు మీద ఇనుప మంచం ఈడ్చినట్టు అరుపు.
ఐదు నిమిషాలు కదలకూడదు.
టీవీ అంచుల్లో గీతలు ఉరుకుతుంటే
టంగుటూరి మిద్దె గదిలో
నేనూ కాలేషా ఊపిరి బిగబట్టేవాళ్ళం,
పొగాకు బ్యారన్ అద్దంలోంచి
థర్మామీటరు చూసేవాళ్ళలాగా.

కంప్యూటరు మా మేనమామ మస్కట్ నుంచి తెచ్చింది.
మీటలు రబ్బరువి, నానిన శనగల్లా మెత్తన.
మిషను నాది.
ఆట వాడు రాసింది,
లెక్కల నోటు చివరి పేజీల్లో,
ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది నిలువు.
నింపిన గడి ఒళ్ళు,
వదిలిన గడి గాలి.

పధ్నాలుగు గదుల దెయ్యాల బ్యారన్.
ఆకు అల్లిన కర్రలే మెట్లు.
ఎండాకు మీద కాలు పెడితే పొడై రాలిపోద్ది,
పచ్చాకు మీదే నిలబడాలి,
అదీ మూడు లెక్కపెట్టే లోపు పసుపెక్కుద్ది.
గబ్బిలాలకు రెండే పనులు, రెక్క తెరవడం, మూయడం.
గొట్టాల్లోంచి ఎర్రగా రావాల్సిన మంట
మా బ్లాకండ్‌వైట్ టీవీలో తెల్లగా వచ్చేది.
అందుకే ఇంకా భయం.

పైన మూలన మూడు బొమ్మలు.
"మూడు జీవాలుండయ్ నీకు, జాగర్త" అన్నాడు కాలేషా.
వాకిట్లో ఆకు అల్లుతున్న మస్తాన్‌బీ, వాళ్ళమ్మ,
"యాడ మేపుతుండార్రా వాటిని?" అంది.
మేం నవ్వి నవ్వి ఒకదాన్ని పోగొట్టుకున్నాం.

పధ్నాలుగో గదిలో దెయ్యం
మిగతా వాటిలా వెంటపడదు.
పొయ్యి ముందు గొంతుక్కూర్చుని
సర్వి కట్టె ఎగదోస్తుంటది.
తలకు తుండుగుడ్డ, నాలుగు చుక్కలు.
దూకి తన్నాను, చచ్చాను.
వెనక నుంచి వచ్చాను, చచ్చాను.
నెత్తిన దుంగ పడేశాను, బ్యారనంతా అంటుకుంది.
"ఎట్ట చంపాల్రా వీణ్ణి?"
కాలేషా నా వైపు చూశాడు,
ఏదో అనబోయాడు,
కరెంటు పోయింది.
నలభై ఎనిమిది కేల లోకం
చుక్కై, గాజు మధ్యలో కాసేపు మెరిసి,
ఆరిపోయింది.

ఆ వేసవంతా కరెంటు ఆ గదిలోనే పోయింది.
తర్వాత వాళ్ళు కొండపి పోయారు.
బ్యారన్ పీకించి రేకులు అమ్మాడు నాన్న.

మొన్న ఒంగోల్లో, నా రిపేరు కొట్లో,
హెడ్డు స్పిరిట్‌తో తుడిచి
మళ్ళీ ఎక్కించాను. అదే అరుపు.
పక్క కొట్టు చికెన్ అబ్బాయి వచ్చి చూసి పోయాడు.
పధ్నాలుగో గదికొచ్చేసరికి వేళ్ళు నొప్పి.
మీటలొదిలి టీ గ్లాసు అందుకున్నాను.

సగం గ్లాసు.
దెయ్యం తల వాలింది,
ఒక్క గడి కిందికి, అంతే.
మంట ఒక గీత తగ్గింది.
ఇంకో గీత.
పసుపెక్కాల్సిన ఆకు కమలడం మొదలెట్టింది.

ఆటకు ముందేడు
ఆరు రాత్రులు వరసగా మా బ్యారన్‌కి మంట కాసి
ఏడో రాత్రి ఒక్క కునుకు తీశాడు సందాని,
కాలేషా నాయన.
ఒక బ్యారన్ ఆకు కమిలింది.
వాకిట్లో మా నాన్న అరుపులు.
తుండుగుడ్డ చేతిలో నలుపుతూ ఆయన.
మిద్దె మెట్ల మీద నేను,
బిస్కెట్టు తింటూ.

గ్లాసు పెట్టేశాను.
మెల్లగా వెళ్ళి పక్కన నిలబడ్డాను.
నిద్రలో ఉన్నవాణ్ణి తాకితే చావు లేదు.
కిందికి మీట నొక్కితే
నా బొమ్మ వంగింది, కట్టె తీసింది.
ఆ కదలిక ఆటలో ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలీదు.
ఒక కట్టె. ఇంకొకటి.
మంట గీత లేచింది,
ఎక్కడో పై అరలో తలుపు కిర్రుమంది.

మార్కులు రాలేదు, గంట మోగలేదు.
తెర అడుగున
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు,
ఒకే మాట, కాలేషా గొంతులో:
లేపబాక.