దీపం ఊగలేదు

వాల్దీవియాలో ఒళ్ళు కంపిస్తే
ముందు దీపం వంక చూస్తారు.
రాత్రి మూడింటికి ఎదువీనా చూసింది.
వేలాడే బల్బు నిమ్మళంగా ఉంది,
గ్లాసులో నీళ్ళు కూడా.
ఊగేది తనే.
గుండె, రేకుల కప్పు మీద వడగళ్ళు.

థైరాయిడ్ కావచ్చన్నాడు డాక్టరు, వేలు మడిచి.
చక్కెర పడిపోతూ ఉండొచ్చు.
మూత్రపిండం నెత్తినెక్కిన బుల్లి గ్రంథి ఆగడమూ కావచ్చు.
మాతే టీ రోజుకెన్నిసార్లు?
చిటికెన వేలు దగ్గర ఆగి,
"దిగులేమైనా ఉందా?"
చేపలు కోసే తన చేతిని చూసుకుందామె.
అక్కడ మాత్రం బుద్ధిగా ఉంది, దొంగలా.
రక్తం తీశారు. గురువారం రమ్మన్నారు.

బుధవారం రాత్రి మళ్ళీ వచ్చింది.
చీకట్లో లౌతారో అడిగాడు: "భూమేనా?"
"కాదు. నేను."
అయినా లేచాడు.
అలవాటు తప్పని మనిషి,
ఆమెని నడిపించుకెళ్ళి గుమ్మం కింద నిలబెట్టి
తనూ పక్కనే నిలబడ్డాడు,
ఆగేదాకా.