సెక్షన్ పద్నాలుగు, ఇతరం

థాంక్స్ గివింగ్ మర్నాటి నుంచి జనవరి పదిహేను దాకా.
రాత్రి పది కొట్టేసరికి ఆర్పెయ్యాలి.
మిణుక్కుమనేవి ఎదుటివాళ్ల పడకగది వైపు తిరగకూడదు.
కాలిబాట మీదుగా తీగ లాగకూడదు.
మా ఊరి నిబంధనలు మొత్తం రెండు పేజీలు,
రెండోదాంట్లో సగం ఖాళీ.

పన్నెండేళ్లుగా వాటిని జేబులో పెట్టుకు తిరుగుతున్నాను.
కొలటేపు, టార్చిలైటు, నీలం కాగితాల పుస్తకం.
సరస్సు మీంచొచ్చే గాలికి పెన్నులో సిరా గడ్డకడితే
చంకలో పెట్టి వెచ్చబరిచి రాస్తాను.
దీపాల మీద ఫిర్యాదు మోసుకొచ్చేవాడికి
ఎవరు మాత్రం కాఫీ ఇస్తారు?

ఈసారి మొదటిది ఆల్డర్ వీధి నుంచి.
ఇంగ్రిడ్ సోర్లీ, ఎనభై ఒకటి. పెన్సిలుతో రాసింది:
"ఎదురింటి ఎర్ర వెలుగు రాత్రంతా నా పైకప్పు మీద
చీమల బారులా పాకుతోంది."

ఎదురిల్లు డెల్బర్ట్ క్రౌజ్‌ది.
రేవులో క్రేను నడిపి రిటైరైనవాడు, ఎత్తంటే లెక్కలేదు,
పొగగొట్టం కొస దాకా దీపాలే.
గాలి జింకలు నాలుగు. పగలు మోటారు ఆపితే
మంచులో బోర్లా పడి
పెళ్లింట్లో తాగిన చుట్టాల్లా ఉంటాయి.
కొలిచాను. చివరి జింక ఎడమ కాలు
హద్దు దాటి తొమ్మిదంగుళాలు.
"ముడుచుకోమని చెబుతాలే" అన్నాడు.
నవ్వు బిగబట్టి నీలం కాగితం చింపిచ్చాను.

మాట మీద నిలబడే మనిషి.
ఎర్రవి తీసి పచ్చవి పెట్టాడు, టైమరు కొన్నాడు.
పదయ్యేసరికి ఇల్లంతా ఒక్కసారి
రెప్ప వాల్చేది.
జనవరి పదిహేను. నిచ్చెన వేసుకుని ఒక్కడే
తీగలన్నీ మోచేతికి చుట్టుకుంటూ దిగాడు.
వీధి చివర బండిలో కూచుని చూశాను.
చట్టం గెలవడమంటే ఇంతే కాబోలు,
ఒక ఇల్లు పక్కింటిలా అయిపోవడం.

ఇరవయ్యో తారీకున ఫోను. సోర్లీ గారే.
"అవి ఆరగానే మాత్ర వేసుకునేదాన్ని.
గడియారం ముల్లు నాకు ఆనదు.
నిన్న రెండుసార్లు వేసుకున్నాననుకుంటా.
చీకటి మీద ఫిర్యాదు తీసుకుంటారా?
ఏ సెక్షను కిందకొస్తుంది?"

వెతికాను. నిజంగానే వెతికాను.
వెలుతురు, శబ్దం, తీగ, హద్దు.
ఇతరం.
దాని పక్క గడిలో ఇన్నేళ్లలో ఎవరూ గీత పెట్టలేదు.

నీలం కాగితం లేకుండా గుమ్మంలో నన్ను చూసి
క్రౌజ్ కంగారుపడ్డాడు.
మొత్తం విన్నాడు. లోపలికెళ్లి
ఒక్కటంటే ఒక్క పచ్చ బల్బు తెచ్చి కిటికీలో పెట్టి,
టైమరు తగిలించి,
"ఒంటి బల్బు అలంకరణ అవుతుందా?" అనడిగాడు.

సగం పేజీ ఖాళీ అని ముందే చెప్పానుగా.
టేపు బండిలో మర్చిపోయానన్నాను.

తొమ్మిదీ యాభై తొమ్మిదికి
ఆల్డర్ వీధిలో నాకేం పని లేదు.
అయినా వెళ్లాను.