చీకటి ఆలస్యంగా పడే ఊళ్లో

ఇక్కడ దీపాల అమావాస్యకి వసంతం.
ఎనిమిదైనా చీకటి పడదు.
లాన్‌సెస్టన్‌లో, రైలు పట్టాల పక్క అద్దింట్లో,
ప్రమిదలు ఆరున్నరకే పేర్చేసి
నేనూ బోజూ మెట్లమీద కూచున్నాం,
పొద్దు కాస్త తొందరగా పోతే బాగుణ్ణని.
బోజు అంటే నాన్నవాళ్లమ్మ.
సూర్యుణ్ణి పొమ్మనడం ఆవిడకిదే మొదలు.

నిన్న బళ్లో టీచరడిగింది,
మీ పండక్కి ఏం చేస్తారని.
నాకొచ్చిన ఇంగ్లీషంతా పోగేసి,
రేపు కుక్కకి బొట్టు పెడతాం,
దండేస్తాం, దణ్ణం పెడతాం అన్నాను.
క్లాసంతా నవ్వింది.
కిటికీ పక్కన కూచునే లాక్లన్ నవ్వలేదు.
"మాకు కుక్కుంది" అన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

మాకు లేదు.
అద్దె కాగితంలో కుక్కలొద్దని రాసుందట.
బోజుకి చదవడం రాదు,
అందుకని ఆ కాగితాన్ని నమ్మదు.

బంతిపూలు దొరకలేదు.
పట్టాల వెంట గడ్డిలో
ఎవరూ విత్తని డాండిలయన్లు
సంచీ నిండా కోసుకొచ్చాను.
తుంచితే పాలు కారాయి,
బోజు వేళ్లు మరకలు పడ్డాయి.
మధ్యాహ్నానికే ముడుచుకుపోతాయే ఇవి, అంది.
అంటూనే గుచ్చింది.

మూడున్నరకి గేటు చప్పుడు.
లాక్లన్, వాడి చేతిలో తాడు,
తాడు చివర ఒంటికన్ను కెల్పీ.
వెనకాల అక్కచెల్లెళ్లిద్దరు, ఒక పొట్టికాళ్ల పొడుగు కుక్క.
ఆ వెనకాల నాతో ఎప్పుడూ మాట్లాడని హ్యూగో,
చంకలో వణుకుతున్న తెల్లది.
"పిల్లకుక్కలు కూడా లెక్కేనా?"

బోజు కొంగు నడుముకి దోపింది.
పెరుగులో బియ్యం, ఎర్రరంగు కలిపి
మూడు నుదుళ్లకీ టీకా పెట్టింది.
గాజంత సెల్ రోటీ నోటికందించింది.
ప్రతి చెవిలోనూ వంగి ఒకే పేరు చెప్పింది:
కాలే. కాలే. కాలే.

వీటి పేర్లు అవి కావని
లాక్లన్ నాకు మెల్లగా చెప్పాడు.
నేను బోజుకి చెప్పలేదు.

కాలే మా శిబిరంలో కుక్క.
నా పక్కనే పడుకునేదట, నాకు గుర్తులేదు,
అప్పుడు నాకు మూడేళ్లు.
సంచుల్లో కాగితాలు పట్టుకుని
మేం బస్సెక్కిన పొద్దున
వెదురు గుడిసెల వరస చివరిదాకా,
తర్వాత చెక్‌పోస్టు దాకా,
తర్వాత వంతెన దాకా పరిగెత్తిందట.
ఒక్కో ఏడు బోజు చెప్పేటప్పుడు వంతెన ఉండదు.
ఒక్కో ఏడు వంతెన దాటి కూడా వస్తుంది.

యముడి గుమ్మంలో కాపలా వీటిదే,
రేపు నన్ను గుర్తుపట్టొద్దూ, అంది బోజు.
వాళ్లకి చెప్పమంది.
యముణ్ణి ఇంగ్లీషులో ఏమంటారో తెలీక
హెడ్మాస్టరన్నాను.
హ్యూగో భయంగా తలూపాడు.
ఈలోగా పొడుగు కుక్క తన దండ తినేసి
పక్కదాని దండ మీద పడింది.

ప్రమిదల పక్కన బకెట్ నిండా నీళ్లు.
అది మా ఇంటి పద్ధతి.
శిబిరంలో ఒకసారి దీపమొకటి ఒరిగింది,
తెల్లారేసరికి మా వరసంతా బూడిద.
అప్పట్నించి దీపానికో మనిషి,
మనిషి పక్కనో బకెట్.
ఇది ఇటుకిల్లు బోజూ, అంటాను ఏటేటా.
ఇటుకకేం తెలుసు, అంటుంది.

ఎనిమిదిన్నరకి ఆకాశం మాట విన్నది.
పదకొండు వత్తులు.
ఒకటి ఆరిపోయింది, హ్యూగో వెలిగించాడు,
వేలు కాల్చుకుని ఎవరికీ చెప్పలేదు.
లాక్లన్‌కి వాళ్లమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది.

అప్పుడు కెల్పీ లేచి
దీపాల మధ్యనించి, ఒక్కటీ తోక తగలకుండా,
మెల్లగా నడిచొచ్చి
బకెట్లో మూతి పెట్టింది.
ఎంతసేపు తాగిందో.
టీకా కరిగి నీళ్లు ఎర్రబడ్డాయి.

బోజు చూస్తూ కూచుంది.
తాగడం అయ్యేదాకా ఆగి,
"మళ్లీ నింపుకురా దిల్మాయా" అంది.