సీసాడు సముద్రం

మా అన్న హిలారియోన్ నావికాదళంలో సార్జెంటు.
నవ్వకండి.
సముద్రం లేని దేశానికీ నావికాదళం ఉంటుంది.
తాతల నాటి యుద్ధంలో పోయింది మా తీరం.
అప్పట్నుంచీ కొండల మీది ఈ సరస్సులో
పడవలకి రంగులేసుకుంటూ ఎదురుచూస్తున్నాం.

ఏటా మార్చిలో, సముద్రం రోజున,
బూట్లకి తెల్లసుద్ద పూసి కవాతు చేసేవాడు.
మోకాళ్ళు అరిగాయి.
ఆశ మాత్రం కొత్త తాడులా బిరుసుగానే ఉండిపోయింది.

నాది తెప్ప.
టికీనా జలసంధిలో బస్సుల్ని దాటిస్తాను.
మనుషులు వేరే పడవలో వస్తారు,
అవతల మళ్ళీ తమ బస్సుని తాము వెతుక్కుంటారు.
రోజుకు పన్నెండుసార్లు
అవతలి ఒడ్డు నాకు దొరుకుతూనే ఉంటుంది.
దిగి ఏం చెయ్యాలో తోచక
వెనక్కి తిప్పుతాను.

"నీకేం కావాలి?" అని సెనోబియా అడిగిందొకసారి
ట్రౌట్ చేపలు వేపుతూ.
నూనె చిటపటల్లో నా జవాబు వినపడలేదనుకుంది.
నేనసలు ఏమీ అనలేదు.
ఆమె ఇప్పుడు ఒరూరోలో
ఒక పళ్ళ డాక్టరు భార్య.

పోయిన చలికాలం అన్న మంచం పట్టాడు.
"బస్సు రెమీహియోకి చెప్పరా,
వాళ్ళ బావమరిది అరికా దాకా లారీ తోలతాడు,
ఒక సీసాడు సముద్రం పట్టుకురమ్మను."

"ఇన్నేళ్ళలో నువ్వే ఒకసారి పోయి చూసి రాకపోయావా?"

"కాగితాలు చూపించి
మనింట్లోకి మనం పోతామా?"

రెమీహియో మాట నిలబెట్టుకున్నాడు పాపం.
అతని చేతిలోంచి నా చేతిలోకి వస్తుండగా
తెప్ప ఊగింది.
సరస్సు గుటుక్కుమంది.
అంతే.

ఆ సాయంత్రం వేరే సీసాలో
సరస్సు నీళ్ళే ముంచి
గుప్పెడు కల్లుప్పు పోసి
కరిగేదాకా ఊపుకుంటూ ఇంటికి నడిచాను.
చిటికెడు ఇసుక కూడా వేశాను, నమ్మకానికి.

అన్న వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.
చాలాసేపు కళ్ళు తెరవలేదు.
"ఇదే," అన్నాడు.
ఎన్నడూ రుచి చూడనివాడు
ఎలా గుర్తుపట్టాడో!
సీసాని చెవికి ఆనించుకుని
ఆ రాత్రి దగ్గకుండా పడుకున్నాడు.

చెప్పొద్దూ, నాకు జాలి వెయ్యలేదు.
అబద్ధమాడిన సిగ్గూ లేదు.
అసూయ వేసింది.

అతణ్ణి మోసం చెయ్యడానికి
గుప్పెడు ఉప్పు చాలింది.
నన్ను మోసం చెయ్యాలంటే
ఏ సీసాలో ఏం నింపాలో
నా మీద ఎంత ప్రేమున్నవాళ్ళకైనా తెలీదు.

పొద్దున్నే ఒడ్డు మీద బస్సు హారన్ మోగింది.
తాడు విప్పుతుంటే
జేబు మూలలో నాలుగు రవ్వలు తగిలాయి.
వేలికద్ది నాలిక మీద పెట్టుకున్నాను,
అన్నలాగే కళ్ళు మూసుకున్నాను.

ఉప్పగా ఉంది.