సున్నా కాని తోక

ఉదయం ఆరుకి వేళ్లు ముడుచుకోవు.
వేడినీళ్ల మగ్గులో నానబెట్టి
ఒక్కో కణుపునీ బతిమాలుకుంటాను,
ఇవాళ సమీకరణం ఒకటి రాయాలని.

రొమ్ముటెముక వెనక, గుండె మీదికి వాలి
థైమస్ అని ఓ చిన్న బడి.
నా వయసుకి సగం మూతబడి, కొవ్వు పట్టి ఉంటుంది.
అక్కడ పాఠం చెప్పరు, పరీక్షే.
మన ఒంటి ముక్కనే చూపించి
పట్టుకో అంటారు.
పట్టుకోలేనివాడు ఎవరూ పిలవక చచ్చిపోతాడు.
గట్టిగా పట్టుకున్నవాణ్ణి చంపేస్తారు.
పట్టీపట్టనట్టు తాకినవాడు
రక్తంలోకి దిగుతాడు, కాపలాకి.
నూటికి ముగ్గురో నలుగురో.

పెదవాల్తేరు మూడో అంతస్తు గదిలో
ఆ బడిని కంప్యూటర్లో కట్టాను.
పది లక్షల కణాలు, రెండు గీతలు:
దీని కింద చావు, దాని పైన చావు.
గీతలు ఎక్కడ గీయాలో నాలుగు నెలలుగా తేలలేదు.
ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడు.

చేపలరేవుకి వెళ్లింది రొయ్యల కోసమే.
మైలపల్లి దానమ్మ ఐసు పక్కన గొంతుక్కూర్చుని ఏరుతోంది,
చూపు ఎటో, మాట ఎవరితోనో.
జిగురుగా వేలికి అంటుకున్నది అవతలకి.
నొక్కితే డొల్లగా పోయిందీ అవతలకే.
ఎలా తెలుస్తుందని అడిగాను.
"ఏటి తెలిసేది? సెయ్యి ఆగుతాది, అంతే.
నిన్నటి సెయ్యి కాదు, ఇయాల్టి సెయ్యి. ఎండని బట్టి."

ఎండని బట్టి!
ఆ రాత్రి గీతలు రెండూ చెరిపేశాను.
తాకిన తాకిడినల్లా గుర్తుంచుకుని
కణం కణానికీ కదిలే హద్దు పెట్టాను.
తెల్లారేసరికి వంపు కుదిరింది,
యారాడ కొండ భుజంలా.

కానీ కుడివైపు చివర
అడుగు గీతకి ఆనీ ఆనకుండా ఓ తోక.
లక్షకి ఏ ఇద్దరో,
సొంత ఒంటినే శత్రువనుకునేవాళ్లు.
ఎంత బిగించినా అది సున్నా కాదు.
ఇంకా బిగిస్తే బడి మొత్తం ఖాళీ,
కాపలాకి ఒక్కడూ మిగలడు.

కేజీహెచ్‌లో కుర్ర డాక్టరు నా చేతులు తిప్పి తిప్పి చూసి
"ఎందుకొచ్చిందో చెప్పలేమండీ" అన్నాడు.
నేను చెప్పగలను.
ఆ తోకలోవాడొకడు
నా ఉంగరంవేలి కణుపులో కాపురం పెట్టాడు.

ఓసారి దానమ్మ ఏరిన వాటిలోనూ
పాడు రొయ్య ఒకటి ఇంటికొచ్చింది.
చెప్తే నవ్వింది:
"దొర్లిపోతాదమ్మా ఒకటి. బుట్ట పారబోత్తామేటి?"

మగ్గులో నీళ్లు చల్లారాయి.
చూపుడువేలు ముందు వంగింది.
దాంతోనే ఎంటర్ కొట్టాను.